వేలు ఎత్తాలా, వద్దా? కొత్త అంపైర్‌ని నిలబెట్టేది అవతలి ఎండ్‌లో ఉన్న సీనియరే

ఈ ఎపిసోడ్‌ని ఒక చిన్న క్విజ్‌తో స్టార్ట్ చేద్దాం. మీరే అంపైర్ అనుకోండి. టైమ్ సాయంత్రం నాలుగున్నర. ఎండ ఏటవాలుగా పడుతోంది. బ్యాటర్ ఆట ఆపి మీ దగ్గరికొచ్చాడు. "సార్, పిచ్ మీద నీడ పడుతోంది, బాల్ సరిగ్గా కనపడట్లేదు" అన్నాడు. మీరేం చేస్తారు?

జవాబు చెప్పేముందు ఒకటి చూడాలి. ఆ నీడ ఎవరిది? పెవిలియన్‌దో, చెట్టుదో అయితే పట్టించుకోనక్కర్లేదు, ఆట నడవాల్సిందే. ఫీల్డర్ నీడ అయితే మాత్రం అతన్ని కదలకుండా నిలబడమని చెప్పాలి. కదిలాడా, డెడ్ బాల్ ఇవ్వాలి.

ఇది నేను తయారుచేసిన ప్రశ్న కాదు. 2022లో అహ్మదాబాద్‌లో బీసీసీఐ పెట్టిన అంపైర్ల పరీక్షలో వచ్చింది. మహిళల మ్యాచ్‌లు, జూనియర్ మ్యాచ్‌లు చేసే గ్రూప్ డి అంపైర్ల కోసం పెట్టిన పరీక్ష అది. మొత్తం 200 మార్కులు. రాత పరీక్షకి 100, వైవాకి 35, వీడియో చూసి నిర్ణయం చెప్పడానికి 35, ఫిట్‌నెస్‌కి 30. కటాఫ్ 90. దాదాపు 140 మంది రాశారు. పాసైంది ఎంతమందో తెలుసా? ముగ్గురు.

సరే, పరీక్ష కష్టం. అది అందరికీ అర్థమవుతుంది. కానీ ఈ రోజు నేను మాట్లాడేది ఫెయిలైనవాళ్ల గురించి కాదు. ఇలాంటి పరీక్షలన్నీ పాసై, తెల్ల కోటు వేసుకుని, గ్రౌండ్‌లోకి వెళ్లి, రెండు సీజన్లు కూడా తిరక్కుండా "నాకొద్దు బాబోయ్" అని వెళ్లిపోయేవాళ్లు ఉంటారు కదా, వాళ్ల గురించి.

ఈ సమస్య మన దగ్గరే ఉందనుకోకండి. అమెరికాలో హైస్కూల్ ఆటల్ని చూసుకునే జాతీయ సమాఖ్య ఒకటుంది, ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ అంటారు. అక్కడ ఆటలు వేరు, ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ లాంటివి. 2019లో దాని ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ పిల్లల తల్లిదండ్రులకి చెబుతున్నట్టుగా ఒక వ్యాసం రాశారు. కొత్తగా వచ్చిన కుర్ర రిఫరీల్లో 80 శాతం మంది రెండేళ్లకే విజిల్ పక్కన పెట్టేస్తున్నారని అందులో ఉంది. ఎందుకు మానేస్తున్నారు అంటే, 75 శాతానికి పైగా రిఫరీలు చెప్పిన ముఖ్య కారణం ఒకటే: పెద్దవాళ్ల ప్రవర్తన. ఆడే పిల్లలు కాదు, బయట నిలబడి అరిచే పెద్దవాళ్లు.

రూల్స్ రాక మానేయట్లేదు, చూడండి. ఒంటరిగా నిలబడలేక మానేస్తున్నారు. మరి దీనికి మందేంటి? ఇంకో పుస్తకమా, ఇంకో యాపా? నాకు అర్థమైనంతలో, మొదటి సీజన్‌లో పక్కన నిలబడే ఒక అనుభవమున్న మనిషి. ఆ మనిషి సరిగ్గా ఏం చేస్తారు, ఏం చేయకూడదు అనేదే ఈ ఎపిసోడ్. మనందరికీ తెలిసిన ఆట కాబట్టి క్రికెట్ అంపైర్‌నే ఉదాహరణగా తీసుకుందాం.

అర సెకనులో అయిదు ప్రశ్నలు

మీకు ఇరవై ఏళ్లు. జిల్లా స్థాయిలో అండర్-16 మ్యాచ్. మీ మొదటి మ్యాచ్. బౌలర్ ఎండ్‌లో నిలబడ్డారు. కుర్రాడు పరిగెత్తుకొచ్చి బాల్ వేశాడు. బ్యాటర్ ప్యాడ్‌కి తగిలింది. పదకొండు మంది ఒకేసారి "హౌజాట్!" అని మీ మీదకి తిరిగారు.

ఇప్పుడు మీ బుర్రలో ఏం జరగాలో చూడండి. ఒకటి, అది నో బాలా? రెండు, బాల్ లెగ్ స్టంప్ బయట పిచ్ అయిందా? మూడు, ముందు బ్యాట్‌కి తగిలిందా, ప్యాడ్‌కి తగిలిందా? నాలుగు, తగిలినప్పుడు స్టంప్స్ లైన్‌లో ఉందా? ఆఫ్ స్టంప్ బయట తగిలితే, బ్యాటర్ నిజంగా షాట్ ఆడబోయాడా, ఊరికే ప్యాడ్ అడ్డం పెట్టాడా? అయిదు, ప్యాడ్ లేకపోతే బాల్ వికెట్లకి తగిలేదా?

ఇందులో ఒక్కదానికి అనుకూలంగా జవాబు రాకపోయినా నాటౌట్. ఎల్‌బీడబ్ల్యూ అంటే ఇదే. పుస్తకంలో ఇది 36వ లా. కాగితం మీద చదివితే పావుగంటలో అర్థమైపోతుంది.

కానీ గ్రౌండ్‌లో? పాపింగ్ క్రీజ్ నుంచి పాపింగ్ క్రీజ్‌కి 58 అడుగులు. గంటకి 120 కిలోమీటర్ల వేగంతో వేసిన బాల్‌కి ఆ దూరం దాటడానికి పట్టేది అర సెకను కొంచెం అటూ ఇటూ. పైగా మీ కళ్లు ముందు బౌలర్ కాలు క్రీజ్ దాటిందా లేదా అని కిందకి చూసుండాలి. వెంటనే పైకి లేచి అవతలి ఎండ్‌కి వెళ్లాలి. కొత్తవాళ్లకి మొదట దొరకనిది ఇదే. కాలు చూస్తూ ఉండిపోతే బాల్ ఎక్కడ పిచ్ అయిందో తెలీదు. బాల్ మీదే కన్నుంటే నో బాల్ మిస్సవుతుంది.

సరే, ఎలాగో చూశారు. నాటౌట్ అన్నారు. అప్పుడు అసలు పరీక్ష మొదలవుతుంది. బౌలర్ నడుం మీద చేతులు పెట్టుకుని మిమ్మల్నే చూస్తుంటాడు. కీపర్ "ఎలా సార్ అది?" అని సగం నవ్వుతూ అడుగుతాడు. బౌండరీ బయట కోచ్ తల కొట్టుకుంటాడు. ఎవరో నాన్నగారు "అంపైర్‌కి కళ్లద్దాలు కొనివ్వండ్రా" అని అరుస్తారు. రెండు బాల్స్ తర్వాత మళ్లీ అలాంటి అప్పీలే వచ్చింది. ఇప్పుడు మీ వేలు దానంతటదే లేవబోతుంది. బాల్ చూసి కాదు, ఆ అరుపులు విని. ఆ క్షణాన్ని దాటడం ఏ 42 లాస్‌లోనూ రాసుండదు. అది ఒకసారి దాటిన మనిషి దగ్గరే దొరుకుతుంది.

క్రికెట్‌లో ఆ ఏర్పాటు ముందే ఉంది

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసిన రోజుల్లో, కొత్తగా చేరినవాళ్లు రాసిన కోడ్ నేరుగా లైవ్‌లోకి వెళ్లేది కాదు. సీనియర్ ఒకరు చూసి, అడగాల్సినవి అడిగి, ఓకే అంటేనే వెళ్లేది. అంపైరింగ్‌లో ఆ సౌకర్యం లేదు. మీ మొదటి నిర్ణయమే లైవ్. తప్పు పోతే వెనక్కి తెచ్చే బటన్ ఉండదు.

కానీ క్రికెట్‌లో ఒక మంచి విషయం ఉంది. అంపైర్లు ఇద్దరుంటారు. ఒకరు బౌలర్ ఎండ్‌లో, ఇంకొకరు స్క్వేర్ లెగ్‌లో. ఓవర్ అయిపోగానే పని మారుతుంది, ఇప్పటిదాకా స్క్వేర్ లెగ్‌లో ఉన్నవాళ్లు బౌలర్ ఎండ్‌కి వస్తారు. అంటే కొత్త అంపైర్‌ని, సీనియర్ అంపైర్‌ని ఒకే మ్యాచ్‌కి వేస్తే, కొత్తాయన ఒక ఓవర్ తను చేస్తాడు, తర్వాతి ఓవర్ సీనియర్ చేసేది చూస్తాడు. చేయడం, చూడటం, మళ్లీ చేయడం. రోజంతా. డబ్బు పెట్టి ఏ కోచింగ్ సెంటర్‌లో కూర్చున్నా ఇలాంటి క్లాస్ దొరకదు.

అయితే ఊరికే ఇద్దర్నీ పక్కపక్కన నిలబెడితే నేర్పినట్టు కాదు. సీనియర్‌కి ఒక పద్ధతి ఉండాలి. మ్యాచ్‌కి ముందు, మ్యాచ్‌లో, మ్యాచ్ తర్వాత అని మూడు భాగాలుగా చూద్దాం.

మ్యాచ్‌కి ముందు

మంచి సీనియర్ కొత్తవాళ్లని మ్యాచ్ టైమ్‌కి కాదు, గంట ముందు రమ్మంటారు. మొదట బ్యాగ్ తెరిపిస్తారు. బాల్స్ లెక్కపెట్టే కౌంటర్ ఉందా? కౌంటర్ లేని రోజుల్లో ఆరు చిన్న రాళ్లో, నాణేలో పెట్టుకుని బాల్‌కి ఒకటి చొప్పున ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మార్చేవాళ్లు. స్పేర్ బెయిల్స్ ఉన్నాయా? బాల్ సైజు చూసే గేజ్, చిన్న కత్తెర, పెన్, కాగితం? ఇవన్నీ చిల్లర విషయాల్లా కనిపిస్తాయి. కానీ మూడో ఓవర్‌లో బెయిల్ విరిగి మీ దగ్గర ఇంకోటి లేకపోతే, ఇరవై రెండు మంది ముందు మీ ముఖం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

తర్వాత పిచ్ దగ్గరికి తీసుకెళ్తారు. క్రీజ్ గీతలు సరిగ్గా ఉన్నాయా, బౌండరీ ఎక్కడ, గ్రౌండ్‌లోకి చెట్టు కొమ్మ వాలి ఉంటే దానికి తగిలితే ఎన్ని పరుగులు, ఇలాంటివన్నీ ఇద్దరూ కలిసి తేల్చుకుంటారు. కెప్టెన్లతో మాట్లాడేటప్పుడు సీనియర్ పక్కనే ఉంటారు కానీ సగం మాటలు కొత్తవాళ్లతోనే చెప్పిస్తారు. ఎందుకంటే కెప్టెన్లు అప్పుడే అంచనా వేసేస్తారు, ఈ ఇద్దరిలో ఎవర్ని బెదిరించొచ్చు అని. మొదటి నుంచి సీనియర్ ఒక్కరే మాట్లాడితే, కొత్తాయన్ని ఆయన అసిస్టెంట్ అనుకుంటారు.

ఇంకోటి, సైగలు. మనకి తెలిసిన ఫోర్, సిక్స్, వైడ్ సైగలు కాదు. అంపైర్లిద్దరి మధ్యే నడిచే చిన్న సైగలు. నాలుగు బాల్స్ అయ్యాక రెండు వేళ్లు ఛాతీ దగ్గరో తొడ దగ్గరో పెడితే "ఇంకా రెండే" అని అర్థం. ఇద్దరి లెక్కా కలిసిందో లేదో అలా చూసుకుంటారు. టీవీలో మ్యాచ్ చూసేటప్పుడు ఈసారి గమనించండి, దొరుకుతుంది.

మ్యాచ్ నడుస్తున్నప్పుడు

ఇక్కడే సీనియర్లకి అసలైన కష్టం. వాళ్లకి తెలిసిపోతూ ఉంటుంది, కుర్రాడు తడబడుతున్నాడని. అయినా నిర్ణయం లాక్కోకూడదు.

రూల్ కూడా అదే చెబుతుంది. అప్పీల్ వస్తే జవాబు చెప్పాల్సింది ఆ నిర్ణయం ఎవరి పరిధిలో ఉందో ఆ అంపైరే. రెండో అంపైర్‌కి బాగా కనిపించే అవకాశం ఉన్న విషయమైతే, అంటే క్యాచ్ నేలకి తగిలిందా లాంటిదైతే, అప్పుడు అడగొచ్చు. అడగడం పరువు తక్కువ కాదు. కానీ ఎల్‌బీడబ్ల్యూ లైన్‌లో తగిలిందా అని స్క్వేర్ లెగ్‌ని అడిగితే లాభం లేదు, అక్కడ్నుంచి లైన్ కనపడదు. ఏది అడగాలో, ఏది సొంతంగా మోయాలో తెలియడమే సగం అంపైరింగ్.

ఒకవేళ వేలు ఎత్తాక, బ్యాట్‌కి తగిలిన చప్పుడు గుర్తొచ్చి తప్పు తెలిసిందనుకోండి. వెంటనే అయితే నిర్ణయం మార్చుకోవచ్చని 2వ లాలోనే ఉంది. చాలామంది కొత్తవాళ్లకి ఇది తెలిసినా, మార్చుకుంటే ఇంకా నవ్వుతారేమో అని ఆగిపోతారు. సీనియర్ ఉదయమే "తప్పనిపిస్తే అక్కడికక్కడే మార్చెయ్ తమ్ముడూ, నేనున్నా" అని చెప్పి ఉంటే, ఆ ఒక్క మాట అప్పుడు పనికొస్తుంది.

రనౌట్ సంగతి చూడండి. కొత్తవాళ్లు స్టంప్స్ వెనకాలే నిలబడిపోయి చూస్తారు. సీనియర్ తన ఓవర్‌లో ఏం చేస్తారో చూస్తే అర్థమవుతుంది. బాల్ ఏ వైపు వెళ్లిందో ఆ వైపుకి పక్కకి పరిగెడతారు, క్రీజ్ గీత తనకి సూటిగా కనపడేలా నిలబడతారు, త్రో వచ్చే క్షణానికి తల కదలకుండా ఆగిపోతారు. పరిగెడుతూ చూస్తే కన్ను మోసం చేస్తుంది. ఇది మాటల్లో పదిసార్లు చెప్పినా ఎక్కదు, రెండుసార్లు చూస్తే ఎక్కుతుంది.

మరి గొడవ వస్తే? 2017 అక్టోబర్ నుంచి అమల్లో ఉన్న రూల్స్‌లో 42వ లా ఆటగాళ్ల ప్రవర్తన గురించి. నాలుగు లెవెల్స్ ఉన్నాయి. నిర్ణయం మీద మాటతోనో చేష్టతోనో నిరసన చూపించడం మొదటి లెవెల్. మొదటిసారికి వార్నింగ్. అదే టీమ్ మళ్లీ అలాంటిది చేస్తే అవతలి టీమ్‌కి 5 పెనాల్టీ పరుగులు. అంపైర్‌ని కొడతానని బెదిరిస్తే నాలుగో లెవెల్, ఆ ఆటగాడు మిగతా మ్యాచ్ మొత్తానికీ బయటే. ఇక్కడ నాకు బాగా నచ్చిందేంటంటే, ఈ పనిని ఒక్క అంపైర్ మీద వదలరు. ఇద్దరూ ఒకచోటికొచ్చి, కెప్టెన్‌ని పిలిచి మాట్లాడాలి. అంటే "నీ వెనక నేనున్నా" అనే మాట రూల్‌లోనే ఉందన్నమాట. సీనియర్ చేయాల్సింది, ఆ నాలుగు అడుగులు వేసి కొత్తాయన పక్కన నిలబడటం, మాట మాత్రం అతన్నే మాట్లాడనివ్వడం.

మ్యాచ్ తర్వాత పది నిమిషాలు

చాలాచోట్ల ఇది జరగదు. మ్యాచ్ అయిపోగానే బ్యాగ్ సర్దుకుని బండెక్కేస్తారు. నేర్చుకునేది మాత్రం ఈ పది నిమిషాల్లోనే.

రెండు రకాల సీనియర్లని ఊహించుకోండి. మొదటాయన పార్కింగ్ దగ్గర అందరూ వింటుండగా, "ఏంటయ్యా ఆ ఎల్‌బీ? అంత క్లియర్‌గా ఔట్ అయితే నాటౌట్ అంటావేంటి? కౌంటర్ కూడా సరిగ్గా నొక్కట్లేదు. రనౌట్‌కి కదలవు. ఇలాగైతే కష్టం" అంటారు. ఆయన చెప్పినవన్నీ నిజమే కావచ్చు. కానీ ఆ కుర్రాడు ఇంటికి తీసుకెళ్లేది ఒక్కటే: నేను పనికిరాను.

రెండో ఆయన పక్కకి తీసుకెళ్లి, టీ చేతికిచ్చి, అడగడంతో మొదలుపెడతారు.

"పన్నెండో ఓవర్‌లో ఆ అప్పీల్ గుర్తుందా తమ్ముడూ? నీకేం కనపడింది?"

"లెగ్ స్టంప్ బయట పిచ్ అయినట్టనిపించింది సార్."

"అనిపించిందా, చూశావా?"

"నిజం చెప్పాలంటే... కాలు చూస్తున్నా సార్. పైకి చూసేసరికి బాల్ ప్యాడ్ దగ్గరుంది."

"అయితే నాటౌట్ ఇవ్వడం కరెక్టే. చూడనిదానికి వేలు ఎత్తకూడదు. వచ్చే మ్యాచ్‌లో ఒక్కటే పని పెట్టుకో. కాలు పడగానే కళ్లు పైకి. మిగతావి నేను చూసుకుంటా."

తేడా చూశారా? సీనియర్ ముందు తన తీర్పు చెప్పలేదు. కుర్రాడి కళ్లతో ఆ బాల్‌ని మళ్లీ చూశారు. తప్పు ఎక్కడ మొదలైందో అప్పుడు దొరికింది. నిర్ణయంలో కాదు, కళ్లు కదిలిన తీరులో. ఒక మ్యాచ్‌కి ఒక్క విషయమే ఇచ్చారు. పది ఇస్తే ఏదీ మిగలదు.

నిజంగా పైకొచ్చినవాళ్ల సంగతి

ఇదంతా థియరీనా అంటే, కొన్ని నిజమైన పేర్లు చెప్తా.

వృందా రాఠీ. ముంబైలో లోకల్ మ్యాచ్‌లకి స్కోరర్‌గా ఉండేవారు. 2013 మహిళల వరల్డ్ కప్‌లో స్కోరింగ్ చేస్తున్నప్పుడు న్యూజిలాండ్ అంపైర్ క్యాథీ క్రాస్‌ని కలిశారు. అంపైరింగ్ చేయాలన్న ఆలోచన అక్కడ్నుంచే వచ్చింది. పదేళ్లకి, 2023 జనవరిలో, రంజీ ట్రోఫీ మగవాళ్ల మ్యాచ్‌లకి అంపైరింగ్ చేసిన మొదటి ముగ్గురు మహిళల్లో ఆమె ఒకరు. ఒక అనుభవమున్న మనిషిని దగ్గర్నుంచి చూడటం ఎంత పని చేస్తుందో చూడండి.

ఆ ముగ్గురిలో ఇంకొకరు చెన్నైకి చెందిన ఎన్. జనని. ఆమె సాఫ్ట్‌వేర్ ఇంజినీర్! తమిళనాడు క్రికెట్ సంఘం తలుపు చాలాసార్లు తట్టాకే ఆమెకి అవకాశం వచ్చింది. తర్వాత ఐటీ ఉద్యోగం వదిలేశారు. మూడో ఆమె ఢిల్లీకి చెందిన గాయత్రి వేణుగోపాలన్.

నితిన్ మీనన్ పేరు మీకు తెలిసే ఉంటుంది. వాళ్ల నాన్న నరేంద్ర మీనన్ కూడా అంతర్జాతీయ అంపైరే. 2006లో బీసీసీఐ పరీక్ష పెడుతోందంటే రాయమని చెప్పింది ఆయనే. 2020లో నితిన్ ఐసీసీ ఎలీట్ ప్యానెల్‌లోకి వచ్చారు, అప్పటికి ఆ ప్యానెల్‌లో అందరికన్నా చిన్నవాడు. ఇండియా నుంచి వెంకట్రాఘవన్, ఎస్. రవి తర్వాత మూడో మనిషి. ఇంట్లోనే మెంటర్ ఉండటం అదృష్టం. కానీ ఆలోచించండి, నాన్న అంపైర్ కాని పిల్లల సంగతేంటి? వాళ్లకి ఆ మనిషిని క్రికెట్ సంఘమే చూపించాలి.

ఇక సైమన్ టౌఫెల్. సిడ్నీలో ఫాస్ట్ బౌలర్. నడుం గాయంతో ఆట ఆగిపోయి అంపైరింగ్‌లోకి వచ్చారు. 2004 నుంచి 2008 దాకా వరసగా అయిదేళ్లు ఐసీసీ అంపైర్ ఆఫ్ ద ఇయర్. 2012లో గ్రౌండ్‌లోంచి తప్పుకున్నాక ఐసీసీలో అంపైర్లకి శిక్షణ ఇచ్చే బాధ్యత తీసుకున్నారు. అంత పేరొచ్చిన మనిషి తర్వాత ఎంచుకున్న పని, ఇంకొకర్ని తయారుచేయడం.

మన రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్. లక్ష్మి గారిని మర్చిపోకూడదు. ఆంధ్రాకి, సౌత్ సెంట్రల్ రైల్వేకి ఆడారు. 2008-09లో దేశంలో మహిళల మ్యాచ్‌లకి మ్యాచ్ రిఫరీగా మొదలుపెట్టారు. 2019 మేలో ఐసీసీ ప్యానెల్‌లో మొదటి మహిళా మ్యాచ్ రిఫరీ అయ్యారు. అదే ఏడాది డిసెంబర్‌లో మగవాళ్ల వన్డేకి కూడా రిఫరీగా చేశారు. మధ్యలో పదేళ్లు. ఆ పదేళ్లు మానేయకుండా ఉన్నవాళ్లే అక్కడిదాకా వెళ్తారు. కొత్తవాళ్లు రెండో ఏడాదిలోనే వెళ్లిపోతే ఇంకో లక్ష్మి గారు ఎక్కడ్నుంచి వస్తారు?

మీకు రాబోయే రెండు డౌట్లు

మొదటి డౌట్: "అన్నా, డీఆర్ఎస్ ఉంది కదా, ఇంకా అంపైర్‌కి ఇంత ట్రైనింగ్ ఎందుకు?" డీఆర్ఎస్ ఉండేది అంతర్జాతీయ మ్యాచ్‌లకి, పెద్ద లీగ్‌లకి. మీ జిల్లా గ్రౌండ్‌లో స్టంప్స్ సరిగ్గా నిలబడితేనే గొప్ప, బాల్ ట్రాకింగ్ ఎక్కడ్నుంచి వస్తుంది? పైగా డీఆర్ఎస్ ఉన్నచోట కూడా "అంపైర్స్ కాల్" అని ఉంది. బాల్ స్టంప్స్‌కి అంచులో తగిలేట్టుంటే, గ్రౌండ్‌లో అంపైర్ మొదట ఏం చెప్పారో అదే నిలుస్తుంది. అంత టెక్నాలజీ కూడా చివరికి ఆ మనిషి కంటికే తిరిగొస్తోంది.

రెండో డౌట్ గట్టిది. "సీనియర్ దగ్గరే చెడ్డ అలవాట్లుంటే?" నిజమే. పెద్ద క్లబ్ అంటే భయపడే సీనియర్ దగ్గర భయమే నేర్చుకుంటారు. ప్రతిదానికీ సీనియర్ ముఖం చూసే అలవాటు పడితే, ఆయన లేని రోజు చేతులు కట్టేసినట్టుంటుంది. అందుకే ఒకే మెంటర్‌ని అంటిపెట్టుకోకూడదు. సీజన్‌లో ఇద్దరు ముగ్గురు సీనియర్లతో చేయాలి. సీనియర్ కూడా మెల్లగా వెనక్కి తగ్గాలి. మొదటి నెల పక్కనే, తర్వాత బౌండరీ బయట కూర్చుని చూడటం, ఆ తర్వాత మ్యాచ్ అయ్యాక ఫోన్ చాలు. సైకిల్ నేర్పేటప్పుడు వెనక సీటు పట్టుకున్న చెయ్యి ఎప్పుడో అప్పుడు వదలాలి కదా.

మీరేం చేయొచ్చు

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. సంక్రాంతికో, వేసవి సెలవుల్లోనో మీ ఊళ్లో టెన్నిస్ బాల్ టోర్నమెంట్ జరుగుతుంది. అంపైర్ ఎవరు? బ్యాటింగ్ టీమ్‌లో ఇంకా దిగనివాడు. ఒక వైడ్ ఇవ్వకపోతే "తొండి, తొండి" అని గోల. రెండు మ్యాచ్‌లు చేశాక ఆ కుర్రాడు ఇంకెప్పుడూ నిలబడడు.

ఈసారి చిన్న మార్పు చేయండి. ఊళ్లో ఆట బాగా తెలిసిన పెద్దాయన ఒకరుంటారు, పాత క్లబ్ ప్లేయరో, పీఈటీ సారో. ఆయన్ని ఒక ఎండ్‌లో, కొత్త కుర్రాడినో అమ్మాయినో ఇంకో ఎండ్‌లో పెట్టండి. మ్యాచ్‌కి ముందు అయిదు నిమిషాలు రూల్స్ రెండు టీమ్‌లకీ చదివి వినిపించండి. అంపైర్‌తో మాట్లాడేది కెప్టెన్ ఒక్కడే అని ముందే చెప్పండి. మ్యాచ్ అయ్యాక పది నిమిషాలు ఇద్దర్నీ పక్కన కూర్చోబెట్టండి. ఖర్చు రెండు టీలు.

ఇంకా సీరియస్‌గా వెళ్లాలనుంటే, క్రికెట్ లాస్ మొత్తం 42. ఎంసీసీ వాటిని ఫ్రీగా పెట్టింది, ఫోన్‌లోనే చదువుకోవచ్చు. మీ జిల్లా క్రికెట్ సంఘంలోనో, రాష్ట్ర సంఘంలోనో అంపైర్ల పరీక్ష ఎప్పుడు పెడతారో అడగండి. అడిగేటప్పుడు ఇంకో ప్రశ్న కూడా తప్పకుండా అడగండి: "పాసయ్యాక మొదటి మ్యాచ్‌లకి నాతో ఎవర్ని వేస్తారు సార్?" ఆ ప్రశ్నకి అక్కడ జవాబు లేకపోతే, మీరే ఒక సీనియర్‌ని వెతుక్కోండి. ఆయన చేసే మ్యాచ్‌కి వెళ్లి, స్కోరర్ పక్కన కూర్చుని చూడండి. చాలామంది సీనియర్లు కాదనరు, ఇన్నాళ్లూ వాళ్లని అడిగినవాళ్లు లేరంతే.

అంపైర్ కాకపోయినా పర్లేదు. వచ్చే ఆదివారం మీరు ఆడే మ్యాచ్‌లో మీకు నచ్చని నిర్ణయం ఒకటి వస్తుంది, గ్యారంటీ. అప్పుడు అక్కడ నిలబడింది కొత్త కుర్రాడైతే, బ్యాట్ చంకలో పెట్టుకుని నడిచి వచ్చేయండి. మ్యాచ్ అయ్యాక కావాలంటే వెళ్లి మెల్లగా అడగండి, "నీకేం కనపడింది?" అని.

ఈ రోజుకి ఇంతే. మీ ఊళ్లో కుర్రాళ్లకి అంపైరింగ్ నేర్పే పెద్దాయన ఎవరైనా ఉంటే ఆయన గురించి రాయండి, చదువుతా. వచ్చే ఎపిసోడ్‌లో స్కోరర్ల గురించి మాట్లాడుకుందాం. అంపైర్ సైగ చేశాక స్కోరర్ చెయ్యి ఎత్తేదాకా ఎందుకు ఆగాలో అందులో చెప్తా. ఉంటా మరి, బై.